తామరకు కలువ చుట్టం కాదు

మొన్న సెకండియర్ ప్రాక్టికల్‌కి ఒకమ్మాయి ప్లాస్టిక్ బకెట్లో రెండు పూలు తెచ్చింది. వాళ్ల ఊరి చెరువులోవే. ఒకటి తామర, ఒకటి కలువ. కాడలతో సహా లాక్కొచ్చింది. తామర కాడకుండే సన్నటి ముళ్లు గీసుకుని చూపుడు వేలి మీద ఎర్రటి చారలు కూడా ఉన్నాయి. "మేడమ్, రెండూ నింఫియేసీయే కదా? రికార్డులో ఒక్కటే ఫ్యామిలీ రాసేస్తే సరిపోతుందా?" అంది.

ఆ పిల్ల తప్పేమీ లేదు. ఇప్పటి పిల్లలు పాత బ్యాచ్ రికార్డు చూసి రాస్తారు, ఆ పాత బ్యాచ్ అంతకు ముందు బ్యాచ్‌ది చూసి రాసి ఉంటుంది. అలా వెనక్కి పోతూ ఉంటే చివరికి పందొమ్మిదో శతాబ్దంలో మొక్కల్ని వర్గీకరించిన బెంథామ్, హుకర్ల దగ్గర తేలతాం. వాళ్ల వర్గీకరణలో తామర కలువల కుటుంబంలోనే ఉంది. లిన్నేయస్ 1753లో తామరకి పెట్టిన పేరైతే ఏకంగా 'నింఫియా నెలంబో', అంటే కలువల్లో ఇదొక రకం అన్నట్టే. నీళ్లలో పుడతాయి, బురదలో దుంప, గుండ్రటి ఆకులు, పెద్ద పెద్ద పూలు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

"సరిపోదమ్మా, తామర చుట్టాలు అరకులో ఉన్నారు" అన్నాను. క్లాసంతా నవ్వారు.

హాస్యానికి అనలేదు. అరకు వెళ్లినవాళ్లు కాఫీ తోటలు చూసే ఉంటారు. కాఫీ మొక్కలకి నీడ కోసం సన్నగా, నిటారుగా పెంచిన చెట్లుంటాయి, వాటి మొదళ్లకి మిరియాల తీగ పాకిస్తారు. సిల్వర్ ఓక్ అంటాం. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, శాస్త్రీయ నామం గ్రెవిలియా రోబస్టా. పేరులో ఓక్ ఉందే కానీ ఓక్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. తామర, ఈ సిల్వర్ ఓక్ కుటుంబం, కాశ్మీరులో చినార్ అనే ప్లేన్ చెట్టు కుటుంబం, ఇవన్నీ ప్రోటియేలీస్ అనే ఒకే క్రమంలోకి, అంటే కుటుంబాల పై గుంపులోకి, వస్తాయి. విడిపోయి పది కోట్ల ఏళ్లు దాటింది కాబట్టి మొహాల్లో పోలికలు వెతక్కండి, దొరకవు. ఇక కలువ కొమ్మ పూలమొక్కల వంశవృక్షంలో దాదాపు మొదలు దగ్గరే చీలిపోయింది. అందుకని కలువకి తామర ఎంత దూరమో, మన పెరట్లో మామిడిచెట్టూ సరిగ్గా అంతే దూరం.

తామరకి సూర్యుణ్ణీ కలువకి చంద్రుణ్ణీ జత కట్టిన మన కవులు ఆ రెంటినీ ఎన్నడూ కలిపేయలేదు. కలిపింది వృక్షశాస్త్రజ్ఞులే. (నీలి కలువ పగటిపూటే విచ్చుకుంటుంది, అది వేరే గొడవ.)

ఈ చుట్టరికం బయటపెట్టింది హరితరేణువు, అదే క్లోరోప్లాస్ట్. దాని గురించి రాయాలని చాన్నాళ్లుగా ఉంది. దాన్ని పొగిడేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం దానితో ఒక పేచీ ఉంది. ఖచ్చితంగా చెప్పాలంటే, పేచీ దానితో కాదు, దాని మాట మనం వింటున్న పద్ధతితో.

ముందు దాని సంగతి కొంచెం. ఆకులో ఆకుపచ్చ రంగుని మోసే ఈ రేణువు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. నూరు కోట్ల ఏళ్లకు పైబడిన ముచ్చట. ఇంకో కణంలోకి చేరి అక్కడే కాపురం పెట్టేసింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న డీఎన్ఏలో చాలా భాగం కేంద్రకానికి అప్పగించేసి, కొంచెం తన దగ్గరే ఉంచుకుంది. ఆ కొంచెం మామూలుగా ఒక ఉంగరంలా గీస్తాం. అందులో ఒక పెద్ద ముక్క, ఒక చిన్న ముక్క, ఆ రెంటి మధ్యా రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండే రెండు ప్రతులు. పొగాకు హరితరేణువు డీఎన్ఏని జపాన్‌లో సుగియురా బృందం 1986లో మొత్తం చదివింది. 1,55,844 అక్షరాలు (డీఎన్ఏ గొలుసులో ఒక్కో పూసనీ ఒక అక్షరం అంటున్నాను). 1989లో వరి వచ్చింది, 1,34,525. పూలమొక్కల్లో ఎక్కువ వాటికి ఇదే ఒడ్డూ పొడుగూ, జన్యువులు నూట పది, నూట ముప్ఫై మధ్య. కేంద్రకం డీఎన్ఏ కోట్లలో ఉంటుంది, అదీ మొక్క మొక్కకీ రెట్లు రెట్లుగా మారిపోతుంది. దాని ముందు ఇది జేబులో పట్టే పంచాంగం.

పైగా సులువుగా దొరుకుతుంది. ఒక ఆకు కణంలో పదుల కొద్దీ హరితరేణువులు, ఒక్కోదానిలో పదుల కొద్దీ ప్రతులు. కేంద్రకంలో ఒక జన్యువుకి మామూలుగా రెండే ప్రతులు. నూరిన ఆకు డీఎన్ఏని పైపైన చదివినా హరితరేణువు మాత్రం నిండుగా తేలుతుంది. హెర్బేరియంలో అట్టకి అంటించి దశాబ్దాలుగా ఎండిపోయిన ఆకు నుంచి కూడా.

తామర విషయం మొదట తేలింది ఒకే ఒక్క జన్యువుతో. పేరు ఆర్‌బీసీఎల్. గాల్లో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టే ఎంజైములో పెద్ద ముక్కని తయారు చేసే జన్యువు. 1991లో నీటిమొక్కల మీద వచ్చిన ఒక పరిశోధన తామరని కలువల నుంచి దూరంగా పెట్టింది. 1993లో మార్క్ చేజ్, ఇంకా నలభై ఒక్కమంది కలిసి 499 విత్తన మొక్కల ఆర్‌బీసీఎల్‌ని పోల్చి ఒక మహావృక్షం గీశారు. అందులో కూడా తామర పోయి ప్లేన్ చెట్టు, సిల్వర్ ఓక్ కుటుంబాల దగ్గర కూర్చుంది. నిజం చెప్పాలంటే ఆధారం అంతకు ముందే పుప్పొడిలో ఉంది. తామర పుప్పొడి రేణువుకి మూడు గాడులుంటాయి, కలువకి అలా ఉండవు. మైక్రోస్కోపులో చూసినవాళ్లకి తెలుసు. కానీ ఒక్క పుప్పొడి మాట పట్టుకుని కుటుంబాన్ని మార్చే ధైర్యం అందరికీ రాలేదు.

ఇక్కడే నా పేచీ మొదలవుతుంది. అదే 1993 చెట్టు ఇంకో మాట కూడా చెప్పింది. పూలమొక్కలన్నిటికంటే ముందు చీలిపోయిన కొమ్మ సెరటోఫిల్లమ్ అని. అక్వేరియం షాపుల్లో చేపల తొట్టిలో వేయడానికి ఇస్తారే, వేర్లు లేకుండా నక్క తోకలా తేలే ఆ నాచులాంటి మొక్క. ఆ మాట నిలబడలేదు. 1999కల్లా వేర్వేరు బృందాలు ఎక్కువ జన్యువులు పెట్టి చూస్తే, మొదట చీలిన కొమ్మగా న్యూ కాలెడోనియా దీవిలో పెరిగే ఆంబొరెల్లా అనే పొద తేలింది. సెరటోఫిల్లమ్ చాలా పైకి జరిగింది. అంటే ఒకే చెట్టు, ఒకే జన్యువు, తామర విషయంలో నిజం చెప్పింది, నాచు విషయంలో పొరబడింది. చెట్టుని చూసి ఏది ఏదో చెప్పగలమా? లేం. రెండు కొమ్మలూ కాగితం మీద ఒకే నల్ల ఇంకుతో గీసి ఉంటాయి.

ఒక్క జన్యువు కాబట్టి పొరబడింది, మొత్తం జీనోమ్, అంటే దానిలో ఉన్న డీఎన్ఏ అంతా, చదివితే ఆ బాధ ఉండదు అనుకోవడం సహజం. 2003లో సరిగ్గా అదే చేశారు. ఆంబొరెల్లా హరితరేణువు జీనోమ్ మొత్తం చదివి, అప్పటికి దొరికిన మిగతా జీనోములతో పోల్చారు. మొత్తం కలిపి 13 మొక్కలు. ఫలితం తలకిందులు: ఆంబొరెల్లా మొదటి కొమ్మ కాదు, ఏకదళ బీజాలు మొదట విడిపోయాయి అని వచ్చింది. గణాంకాల బలం చూస్తే తిరుగులేదు. ఏకదళ బీజాల తరఫున ఆ 13లో వచ్చినవాళ్లెవరయ్యా అంటే వరి, గోధుమ, మొక్కజొన్న. మూడూ గడ్డిజాతులే. గడ్డిజాతుల డీఎన్ఏ గబగబా మారుతుంది. అలా ఎక్కువగా మారినవాటిని లెక్కలు వేసే ప్రోగ్రాములు చెట్టు మొదట్లోకి నెట్టేస్తాయి. 2005లో ఇంకో బృందం జమ్ము జాతినీ, వస జాతినీ, మరికొన్నిటినీ చేర్చేసరికి ఆంబొరెల్లా మళ్లీ తన చోటుకొచ్చింది. 2007లో 64 జీనోముల నుంచి 81 జన్యువులు పోల్చిన పనితో ఆ గొడవ చాలావరకు సద్దుమణిగింది.

పిల్లలకి మాటలు రావాలని వస అరగదీసి నాకిస్తారు కదా మన ఇళ్లలో. ఈ చెట్టుకి కూడా వస నాకిస్తే గానీ మాట సరిగ్గా రాలేదు.

2003 పనిని ఎగతాళి చేయడానికి ఇది చెప్పట్లేదు. అప్పటికి ఉన్నవే అన్ని జీనోములు. నేను పట్టుకున్న సంగతి ఇంకోటి. ఒక మొక్క నుంచి ఎక్కువ అక్షరాలు చదవడం వేరు, ఎక్కువ మొక్కల్ని చదవడం వేరు. ఆ తేడాని మనం ఇవాళ్టికీ తలకెక్కించుకోలేదు.

ఇంకో సంగతి ఉంది, ఇది ఇంకా మౌలికమైంది. హరితరేణువు ఎక్కువ పూలమొక్కల్లో తల్లి నుంచే వస్తుంది. ఇది 1909 నాటికే తెలుసు. కార్ల్ కోరెన్స్ దాన్ని పట్టుకున్నది మన పెరట్లో సాయంత్రం పూసే చంద్రకాంత మొక్కలోనే. ఆకుపచ్చ కొమ్మలూ, తెల్లటి కొమ్మలూ, రెండూ కలిసిన మచ్చల కొమ్మలూ ఉన్న చంద్రకాంత మొక్కల మధ్య సంకరాలు చేశాడు. గింజ ఏ కొమ్మ మీద కాసిందో దాన్ని బట్టే పిల్ల మొక్క రంగు వచ్చింది. పుప్పొడి ఏ కొమ్మది తెచ్చి వేసినా తేడా లేదు.

మనకి ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది. మొక్కకి హరితరేణువు అనే ఇంటిపేరు తల్లి వైపు నుంచి వస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. ఇంటిపేర్లు మాత్రమే పట్టుకుని ఎవరైనా మన ఊరి చుట్టరికాలు రాస్తే ఎలా ఉంటుంది? మేనమామ పూర్తిగా మాయమైపోతాడు. మా ఇంట్లో అయితే ఆయనే ముఖ్యుడు.

మాది పత్తి పండించే ఊరు కాబట్టి పత్తితోనే చెప్తాను. మా తాతగారి రోజుల్లో వేసింది నాటు పత్తి. పొట్టి పింజ, వాన లేకపోయినా ఓర్చుకునేది. దాని కేంద్రకంలో 26 క్రోమోజోములు. ఇవాళ గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా చేలల్లో కనిపించేదంతా దాదాపుగా అమెరికన్ పత్తి, గాసిపియం హిర్సూటమ్. దానికి 52. రెండు రకాల క్రోమోజోములు దానిలో కలిసున్నాయి. సగం నాటు పత్తి లాంటివి, వాటిని 'ఏ' అంటారు. మిగతా సగం మెక్సికో, పెరూ వైపు అడవి పత్తుల లాంటివి, వాటిని 'డి' అంటారు. ఆ అడవి పత్తుల్లో నూలుకి పనికొచ్చే పింజే ఉండదు. పది, ఇరవై లక్షల ఏళ్ల కిందట, మనిషి దాన్ని చూడక మునుపే, ఈ రెండూ ఎక్కడో కలిశాయి. 'ఏ' పత్తులు ఆఫ్రికా, ఆసియాల్లోవి. 'డి' పత్తులు అమెరికా ఖండాల్లోవి. మధ్యలో సముద్రం.

మరి దాటింది ఎవరు? 1989లో జొనాథన్ వెండెల్ హరితరేణువు డీఎన్ఏని పోల్చి చూశాడు. అమెరికా ఖండపు 52 క్రోమోజోముల పత్తులన్నిటిలో ఉన్నది పాతలోకపు 'ఏ' పత్తుల హరితరేణువే. అంటే తల్లి ఇటుది. హరితరేణువు పుప్పొడితో రాదు, గింజతోనే పోతుంది కాబట్టి సముద్రం దాటింది గింజ. అటు ఒడ్డున మొలిచి, పూసి, అక్కడి 'డి' పత్తి పుప్పొడి పట్టుకుంది.

ఇది నాన్నకి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అమెరికా పత్తికి అమ్మ మన పత్తేనా?" అన్నారు.

"మన పత్తే అనలేం నాన్నా. మన పత్తికి అక్కచెల్లెలి వరస. ఆ తల్లి ఇప్పుడు ఎక్కడా లేదు."

"ఏ వరసైతేనేం, పురుగు మందు ఖర్చు తగ్గలేదుగా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు కేవలం హరితరేణువు జీనోములు పోల్చి చెట్టు గీసే పద్ధతిలో చూడండి. అమెరికన్ పత్తి హరితరేణువు 1,60,301 అక్షరాలు. దాన్ని నాటు పత్తితోనూ, పెరూ అడవి పత్తితోనూ పక్కపక్కన పెడితే తిన్నగా వచ్చి నాటు పత్తి ఒళ్లో కూర్చుంటుంది. కొమ్మ మీద నూటికి నూరు మార్కులు. లెక్కలో ఒక్క తప్పు కూడా లేదు. కానీ ఆ మొక్క కేంద్రకంలో సగం, 26 క్రోమోజోములు, ఆ చెట్టులో ఎక్కడా కనపడవు. తండ్రి పేరు అడగలేదు కాబట్టి చెప్పలేదు.

బత్తాయిదీ ఇదే కథ. నల్గొండ తోటల్లో కాసే బత్తాయిలో ఉన్న హరితరేణువు పంపరపనసది. కమలా జాతి రక్తం కూడా అందులో బోలెడు ఉంది, కానీ ఆ లెక్కలో రాదు. మన కాగితపు నిమ్మకి తల్లి ఫిలిప్పీన్స్ వైపు అడవి జాతి, తండ్రి మాదీఫలం. మాదీఫలం ఈ నిమ్మజాతి సంకరాల్లో ఎక్కడ చూసినా తండ్రి స్థానంలోనే దొరుకుతుంది. అందుకని హరితరేణువుల చెట్టులో అది ఒంటరిగా ఒక మూల నిలబడి ఉంటుంది, పిల్లా పీచూ లేనిదానిలా. ఇంత సంతానం ఉండి కూడా!

జనం తరచుగా బోల్తా పడే చోటు ఇదే. "మేం 80 జన్యువులు పోల్చాం" అని రాస్తారు. వినగానే ఎనభై మంది సాక్షులు అనిపిస్తుంది. హరితరేణువులో జన్యువులు మామూలుగా విడివిడిగా వారసత్వం పొందవు, మొత్తం ఉంగరం ఒక్క ముక్కగా తరం నుంచి తరానికి పోతుంది. కాబట్టి అది ఒక్క సాక్షి ఎనభై వాక్యాలు చెప్పడం. వాక్యాలు పెరిగేకొద్దీ సాక్షి ఏం చెప్తున్నాడో మనకి స్పష్టంగా అర్థమవుతుంది, అంతవరకే. అతను చూడనిది ఎనభై వాక్యాల్లో కూడా ఉండదు.

ఇంత చెప్పాక, అయితే హరితరేణువుని పక్కన పెట్టేద్దాం, ఇప్పుడు కేంద్రకం చదవడం కూడా చవకైపోయింది కదా అని కొందరంటారు. నేను ఒప్పుకోను. పత్తి గింజ సముద్రం దాటిన ముచ్చట కేంద్రకం ఒక్కదాన్నీ చదివితే తెలిసేదా? రెండు రకాలు కలిశాయని తెలిసేది, తల్లెవరో తెలిసేది కాదు. తల్లి వరస మాత్రమే చెప్పే సాక్షి దొరకడం అదృష్టం. అది తల్లి వరస అని గుర్తుపెట్టుకుంటే చాలు.

పైగా హరితరేణువులో అక్షరాలకంటే నాకు నచ్చేది దాని కట్టడం. అక్షరం మారడం చిన్న విషయం. ఒక చోట మారిన అక్షరం ఇంకో మొక్కలో విడిగా అలాగే మారవచ్చు, మళ్లీ వెనక్కీ రావచ్చు. కానీ వేల అక్షరాల ముక్క ఒకటి ఊడి తిరగబడి అతుక్కోవడం, లేదా పెద్ద ముక్క పూర్తిగా పోవడం అరుదు. అలాంటిది ఇద్దరిలో ఒకే చోట, ఒకే కొలతలో కనిపిస్తే, ఇద్దరికీ ముత్తాత ఒకడే అని దాదాపు నమ్మొచ్చు.

వంటింట్లోకి రండి. పప్పుల డబ్బాలు వరసగా పెట్టండి. శనగ, మసూర్ పప్పు, బఠానీ, పోపు డబ్బాలో నుంచి మెంతులు, ఇవన్నీ ఒక వైపు. కంది, పెసర, మినుము, వేరుశనగ ఇంకో వైపు. ఉంగరంలో అద్దంలో బొమ్మల్లాంటి రెండు ప్రతులుంటాయని చెప్పాను కదా. మొదటి వైపు వాటిలో ఒక ప్రతి లేదు. సుమారు ఇరవై అయిదు వేల అక్షరాల ముక్క మొత్తం పోయింది. రెండో వైపు వాటిలో రెండూ భద్రంగా ఉన్నాయి. మెంతులు చూడ్డానికి బఠానీలా ఉంటాయా, శనగలా ఉంటాయా? కానీ వాటి ముత్తవ్వ ఒకావిడ ఆ ముక్క పోగొట్టుకుంది, ఆ లోటు ఆ ఇంట్లో అందరికీ వచ్చింది. వేరుశనగకి శనగ అని పేరు పెట్టుకున్నాం, అది మాత్రం అటు వైపుది కాదు. ఇంకాస్త లోపలికి వెళ్తే పెసర, మినుములకి ఇంకో గుర్తుంది. 78 వేల అక్షరాల ముక్క తిరగబడి ఉంటుంది. వాటికి దగ్గర చుట్టమే అయినా కందిలో అది లేదు.

పొద్దుతిరుగుడు కుటుంబం కథ ఇంకా పాతది. మొత్తం డీఎన్ఏ చదవడం ఇంత తేలిక కాని రోజుల్లో, 1987లో, రాబర్ట్ జాన్సెన్, జెఫ్రీ పామర్ ఎంజైములతో ముక్కలు కోసి, పటాలు గీసి, దాదాపు 22 వేల అక్షరాల ముక్క ఆ కుటుంబంలో తిరగబడి ఉందని కనిపెట్టారు. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, పొలం గట్ల మీద మనల్ని తుమ్మించే వయ్యారిభామ, అన్నిటిలో అది ఉంది. లేనిది దక్షిణ అమెరికాలోని ఒక చిన్న గుంపులోనే, బార్నడేసియాలు. ఇరవై వేలకు పైగా జాతులున్న కుటుంబంలో మొదట వేరుపడిన శాఖ ఏదో ఒక్క తిరగబడ్డ ముక్క చూపించేసింది.

అయితే ఇక్కడా కాలు జారుతుంది. ప్రతి పోవడం పప్పుజాతుల్లోనే జరగలేదు, సాగువారో అనే పెద్ద కాక్టస్ లాంటి ఎక్కడెక్కడి మొక్కల్లోనో విడివిడిగా కూడా జరిగింది. తిరగబడటంలో ఇంకో మెలిక ఉంది, అది నన్ను స్వయంగా బోల్తా కొట్టించింది కాబట్టి చెప్పాలి.

రిసెర్చ్ రోజుల్లో నల్లమల నుంచి తెచ్చిన ఒక తీగ మీద పనిచేశాను, పేరెందుకులెండి. ఆకు నిండా జిగురు. లిక్విడ్ నైట్రోజన్ పోసి కల్వంలో నూరితే బూడిదలా అయ్యేది, బఫర్ పోయగానే మళ్లీ బెండకాయ రసంలా సాగేది. మూడుసార్లు పారబోశాను. నాలుగోసారి క్లోరోఫామ్ కలిపి తిప్పాక పైపొర తేటగా వచ్చింది. చల్లటి ఐసోప్రొపనాల్ పోసి ట్యూబుని మెల్లిగా అటూ ఇటూ వంచితే తెల్లటి దారప్పోగులు. ఆ పోగుల్ని చూసిన రోజు హాస్టల్లో మా గదిలో నా ఖర్చుతో బిర్యానీ.

కొన్ని నెలలకి డేటా వచ్చింది. జీనోమ్ కూర్చి, దగ్గరి జాతితో పక్కపక్కన పెట్టి, రెండూ ఎక్కడెక్కడ కలుస్తాయో చూపే చుక్కల పటం గీశాను. మూల నుంచి మూలకి గీత తిన్నగా వస్తూ, చిన్న ముక్క దగ్గరికొచ్చేసరికి అడ్డంగా తిరిగింది. దాదాపు 18 వేల అక్షరాలు తిరగబడి ఉన్నాయి! దగ్గరి జాతిలో లేదు, దీనిలో ఉంది. కొత్త శాఖ, కొత్త గుర్తు. ఒక సదస్సుకి సారాంశం కూడా రాసేశాను. ఆశ్చర్యార్థకం ఒక్కటే తక్కువ.

మా గైడ్ మేడమ్ స్క్రీన్ చూసి నవ్వలేదు, తిట్టలేదు. నా జడకున్న రబ్బరు బ్యాండు ఇమ్మన్నారు. దాన్ని బల్ల మీద ఉంగరంలా పరిచి, ఎదురెదురుగా రెండు చోట్ల వేళ్లతో నొక్కి దగ్గరికి చేర్చారు. పెద్ద చుట్టు ఇటు, చిన్న చుట్టు అటు. "ఈ రెండు చోట్లా నీ ప్రతులు. రెండూ ఒకేలా ఉంటాయి కదా, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి" అని, చిన్న చుట్టుని అర మెలిక తిప్పి వదిలేశారు. "ఇప్పుడు తిరగబడిందా? నీ తీగ ఆకులో ఇదీ ఉంది, అదీ ఉంది. సగం సగం. దగ్గరి జాతిలోనూ అంతే. వాళ్ల కంప్యూటర్ ఒక రూపం రాసింది, నీ కంప్యూటర్ ఇంకో రూపం రాసింది."

1983లోనే పామర్ ఒక చిక్కుడు జాతిలో ఇది చూపించాడట, ఒకే మొక్కలో రెండు రూపాలూ సమానంగా ఉంటాయని. నేను చదవలేదు. సారాంశం వెనక్కి తీసుకున్నాను. నా ఊరట ఒక్కటే. 2015లో ఈ సంగతి మీదే ఒక పరిశోధనా పత్రం వచ్చింది, అచ్చయిన పత్రాల్లోనే ఈ మెలికని జాతుల మధ్య తేడాగా పొరబడ్డారని ఎత్తిచూపుతూ. నాది అచ్చు కాలేదు, మేడమ్ దయ.

ఇప్పుడు డేటాబేసుల్లో హరితరేణువు జీనోములు వేల కొద్దీ ఉన్నాయి. 2019లోనే 2,881 జీనోముల నుంచి 80 జన్యువులు తీసి, పూలమొక్కల క్రమాలన్నిటినీ, కుటుంబాల్లో 85 శాతాన్నీ కలిపి చెట్టు గీశారు. అది పెద్ద పని, దానికి దండం. నా చిరాకంతా పక్కనే కుప్పలుగా పడుతున్న చిన్న పత్రాల మీద. "ఫలానా మొక్క సంపూర్ణ హరితరేణు జీనోమ్" అని శీర్షిక. మొక్క ఒకటి. ఉంగరం బొమ్మ ఒకటి. డేటాబేసు నుంచి దించుకున్న పాతిక చుట్టాలతో చెట్టు ఒకటి. చివర్లో "ఈ జాతి ఫలానా జాతికి సోదరి అని రుజువైంది" అని వాక్యం. ఆ ఒక్క మొక్క ఏ కొండ మీదిది, ఎండిన నమూనా ఏ హెర్బేరియంలో ఉంది, గుర్తించింది ఎవరు అని వెతికితే కొన్నిట్లో ఒక్క ముక్క దొరకదు. మొక్క పేరే తప్పయితే ఆ తప్పు పేరుని నమ్మి ఇంకో పాతిక మంది తమ చెట్లు గీస్తారు, మా కాలేజీ రికార్డుల్లాగే.

'రుజువైంది' అన్న చోట 'తల్లి వైపు నుంచి ఇలా ఉంది' అని రాస్తే ఏం పోయింది? మూడు, నాలుగు పదాలు ఎక్కువవుతాయి. ఒకే జాతి నుంచి ఒక్క మొక్క బదులు వేర్వేరు చోట్ల అయిదారు మొక్కలు తీసుకుంటే, ఒక అడవిలో పక్కనున్న జాతి హరితరేణువు దీనిలోకి దొంగతనంగా చేరిందో లేదో తెలుస్తుంది. సంకరాలు, ఆ సంకరాలు మళ్లీ తండ్రి జాతితో కలుస్తూ పోవడం వల్ల కేంద్రకమంతా ఒకరిది, హరితరేణువు ఇంకొకరిది అయిపోయిన మొక్కలు ఎన్నో కుటుంబాల్లో దొరికాయి. ఓక్ చెట్లలో అయితే ఒక అడవిలో పక్కపక్కన పెరిగే వేర్వేరు జాతులు ఒకే హరితరేణువుని పంచుకోవడం మామూలు విషయం.

కొత్త కొమ్మల్లోనే ఇలా అనుకోకండి, పాత కొమ్మల్లోనూ ఉంది. ఆముదం సంగతి చూడండి. ఆముదం, ఉసిరి, అవిసె గింజలు, పొన్న, ఇవన్నీ మాల్పీజియేలీస్ క్రమం. హరితరేణువు ఈ క్రమాన్ని తీసుకెళ్లి చిక్కుడు, గులాబీల గుంపులో పెడుతుంది, అదీ బలంగా. కేంద్రక జన్యువులతో చేసిన పనులు చాలావరకు దీన్ని పత్తి, ఆవాలు, నిమ్మల గుంపు వైపు లాగుతాయి. మైటోకాండ్రియా కూడా అటే మొగ్గింది. కోట్ల ఏళ్ల కిందటి ఏదో సంకరం దీనికి కారణం కావచ్చని వాదించినవాళ్లున్నారు. 2024లో లండన్‌లోని క్యూ ఉద్యానవనం వాళ్ల నాయకత్వంలో 353 కేంద్రక జన్యువులతో 9,500కి పైగా జాతుల చెట్టు వచ్చింది. దాని కోసం దాదాపు రెండు వందల ఏళ్ల నాటి హెర్బేరియం ఆకుని కూడా నూరారు. ఆ చెట్టునీ, 2019 చెట్టునీ పక్కపక్కన పెట్టుకుని చూడ్డం ఈమధ్య నాకొక వ్యసనమైంది. కలిసినచోట నమ్మకం. కలవనిచోట ఇంకా సరదా.

తామర విషయంలో అన్నీ కలిశాయి. హరితరేణువు, కేంద్రకం, పుప్పొడి. అందుకే ఆ పిల్లతో అంత ధీమాగా అరకు పేరు ఎత్తాను.

ఆముదం విషయంలో అంత ధీమా లేదు. గత సెమిస్టర్ పరీక్షలో దాని దగ్గరి గుంపు ఏదో రాయమని ఒక ప్రశ్న వచ్చింది, రెండు మార్కులు. ఇచ్చిన 'కీ'లో ఒక్కటే జవాబు. దిద్దుతుంటే ఒక పేపర్లో ఇలా ఉంది: "తల్లి వైపు చిక్కుడు. మొత్తం చూస్తే పత్తి కావచ్చు." రోల్ నంబరు కనపడదు కాబట్టి ఎవరిదో తెలీదు. అక్షరాలు మాత్రం చూపుడు వేలికి దెబ్బ తగిలినట్టు వంకర టింకరగా ఉన్నాయి. రెండు మార్కులూ వేశాను. పక్క కుర్చీలో దిద్దుతున్న మాస్టారు తొంగి చూసి, "కీలో అలా లేదు కదమ్మా" అన్నారు.

"ఉంది సార్, సగం" అన్నాను.